ఇంజినీరింగ్‌కి వ్యాపార చదువు తోడైతే

ఈపూరు మండలంలో మిరప, పత్తి సాగు మీద బతికే ఇళ్లలో పిల్లలు ఇంటర్ ఎంపీసీ పూర్తిచేస్తే తర్వాతి అడుగు దాదాపు ఖాయం. ఈఏపీసెట్ రాస్తారు. కౌన్సెలింగ్‌లో నరసరావుపేట, గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఏదో ఒక కాలేజీలో బీటెక్ సీటు తీసుకుంటారు. మూడో ఏడాదికి వచ్చేసరికి రెండో ప్రశ్న మొదలవుతుంది. బీటెక్ ఒక్కటే చాలా, ఎంబీఏ కూడా చేయించాలా? చేయిస్తే బీటెక్ అవగానేనా, ఉద్యోగంలో చేరాకనా? రెండూ కలిపి ఐదేళ్లలో ఇచ్చే చోట్లు ఉన్నాయంటున్నారు, వాటి సంగతేమిటి?

ఈ ప్రశ్నలకు జవాబు వెతుక్కునే పద్ధతి చెప్పడానికే ఈ వ్యాసం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంజినీరింగ్‌కి వ్యాపార శాస్త్రం తోడు కావడం మంచిదే. చాలామందికి అవసరం కూడా. అయితే ఆ తోడు రెండో పట్టా రూపంలోనే రావాలని లేదు. అందులో అన్నిటికన్నా విలువైన భాగం బీటెక్‌లోనే ఉంది. దానికి వేరే ఫీజు లేదు. దాన్ని మన పిల్లలు పరీక్ష ముందు రాత్రి చదివి, మర్నాటికి మరచిపోతున్నారు. బాధ కలిగించే విషయం అదే.

ఈ చుట్టరికం పాతదే

ఇంజినీరింగ్ యంత్రాలది, వ్యాపారం డబ్బుది, రెంటికీ పొత్తు లేదు అనుకోవడం మనకు అలవాటు. చరిత్ర అలా లేదు. 1844లో ఫ్రాన్స్‌లో జూల్ ద్యుపుయి అనే రోడ్లు, వంతెనల ఇంజినీరు ఒక ప్రశ్న వేసుకున్నాడు. వంతెన మీద సుంకం ఎంత పెట్టాలి? సుంకమే లేకపోతే అందరూ దాటతారు, కానీ కట్టిన ఖర్చు తిరిగి రాదు. ఎక్కువ పెడితే దాటేవాళ్లు తగ్గిపోతారు, కట్టిన వంతెన ఊరికే పడి ఉంటుంది. మరి ఆ వంతెన వల్ల జనానికి ఒరిగే ప్రయోజనాన్ని కొలిచేదెలా? ఆయన రాసిన జవాబు నేటి అర్థశాస్త్రానికి పునాదిరాళ్లలో ఒకటైంది.

1886లో అమెరికాలో హెన్రీ టౌన్ అనే ఇంజినీరు ఇంకో అడుగు వేశాడు. తాళాలు తయారుచేసే యేల్ కంపెనీ నడిపినవాడు ఆయన. మెకానికల్ ఇంజినీర్ల సంఘం షికాగోలో సమావేశమైనప్పుడు, ఇంజినీరు అర్థశాస్త్రవేత్త కూడా కావాలని వ్యాసం చదివాడు. కర్మాగారం నడపాలంటే యంత్రాల పరిజ్ఞానం, జమాఖర్చుల పరిజ్ఞానం ఒకే మనిషిలో కలవాలన్నది ఆయన వాదన. జర్మనీలో 1920లలోనే బెర్లిన్ సాంకేతిక విద్యాలయం ఈ రెంటినీ కలిపిన డిగ్రీ మొదలుపెట్టింది. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 1977లో ఇంజినీరింగ్, వాణిజ్యం రెండు డిగ్రీలూ కలిపి చదివే కోర్సు తెచ్చింది. ఎంఐటీ 1988లో అలాంటిదే పీజీ స్థాయిలో పెట్టింది. అప్పట్లో జపాన్ ఫ్యాక్టరీల ముందు అమెరికా ఫ్యాక్టరీలు నిలవలేకపోతున్నాయి. యంత్రం తెలిసినవాడికి నిర్వహణ తెలియక, నిర్వహణ తెలిసినవాడికి యంత్రం తెలియక నష్టపోతున్నామని వాళ్లకు అర్థమైంది.

మన దగ్గరికి వస్తే, దేశంలో ఎంబీఏ మొదట మొదలుపెట్టిన విశ్వవిద్యాలయాల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఒకటి. అది 1957లో. కలకత్తా, అహ్మదాబాద్ ఐఐఎంలు వచ్చింది 1961లో. ఐఐటీల్లో మొదటి మేనేజ్‌మెంట్ స్కూలు 1993లో ఖరగ్‌పూర్‌లో వచ్చింది. విశాఖపట్నం ఐఐఎం 2015లో.

పల్నాడు సంగతే చూడండి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. కుడి కాలువ ఇక్కడి మెట్ట పొలాలకు నీళ్లు తెచ్చింది. అలాంటి ప్రాజెక్టుకు తయారయ్యే నివేదికలో ఆనకట్ట ఎత్తు, కాలువ వాలు మాత్రమే ఉండవు. ఎన్ని ఎకరాలు తడుస్తాయి, ఎంత పంట పెరుగుతుంది, పెట్టే ఖర్చుకు ఆ ఫలం సరితూగుతుందా అన్న లెక్కా ఉంటుంది. ఆ లెక్క తేలకపోతే డిజైన్ ఎంత బాగున్నా కాగితం మీదే ఆగిపోతుంది.

మెఫా అనే సబ్జెక్టు

జేఎన్‌టీయూ కాకినాడ పరిధిలో బీటెక్ చదివినవాళ్లకు 'మెఫా' అంటే తెలియకుండా ఉండదు. మేనేజీరియల్ ఎకనమిక్స్ అండ్ ఫైనాన్షియల్ అనాలిసిస్ అన్న పేరుకు అది పొట్టి రూపం. సంస్థ నడిపేవాడికి కావలసిన అర్థశాస్త్రం, జమాఖర్చుల విశ్లేషణ అందులో ఉంటాయి. బ్రాంచిని బట్టి, ఏ ఏడాది నియమావళి అన్నదాన్ని బట్టి రెండో ఏడాదో మూడో ఏడాదో వస్తుంది. గిరాకీ ఎలా మారుతుంది, ఉత్పత్తి ఖర్చులు ఎన్ని రకాలు, బ్యాలెన్స్ షీటు ఎలా చదవాలి, యంత్రం కొనాలా వద్దా అని ఎలా తేల్చుకోవాలి, ఇవన్నీ అందులో పాఠాలు. కోడింగ్ కాదు కాబట్టి క్యాంపస్ సెలెక్షన్లకు పనికిరాదని పిల్లలు దాన్ని పక్కన పెడతారు. గత ప్రశ్నపత్రాలు చూసి గట్టెక్కుతారు.

అందులో ఒక్క పాఠం దగ్గరగా చూద్దాం. పేరు బ్రేక్-ఈవెన్ (లాభమూ నష్టమూ లేని మట్టం). ఈపూరులో ఒక కారం మర పెట్టాలనుకుందాం. ఇక్కడ వేసే అంకెలు లెక్క అర్థం కావడానికి ఊహించుకున్నవే.

మర నడిచినా నడవకపోయినా నెలనెలా పెట్టక తప్పని ఖర్చులు కొన్ని ఉంటాయి. షెడ్డు అద్దె 8,000 రూపాయలు, ఇద్దరు పనివాళ్ల జీతం 24,000, యంత్రాల అప్పు వాయిదా 15,000, కరెంటు కనీస చార్జీ, చిల్లర ఖర్చులు 3,000. మొత్తం 50,000. దీన్ని స్థిర వ్యయం (పనితో సంబంధం లేకుండా ఉండే ఖర్చు) అంటారు. కాయ వచ్చేకొద్దీ పెరిగే ఖర్చులు వేరు. కిలో కారం ఆడించడానికి వాడిన కరెంటు, సంచి, జల్లెడల అరుగుదల అన్నీ కలిపి 8 రూపాయలు. ఇది చర వ్యయం (పనితో పాటు పెరిగే ఖర్చు). ఆడించినందుకు కిలోకు 20 రూపాయలు తీసుకుంటే, కిలో మీద 12 రూపాయలు మిగులుతాయి. ఆ 12 రూపాయలే స్థిర వ్యయాన్ని తీర్చాలి. 50,000ను 12తో భాగిస్తే 4,167 వస్తుంది. అంటే నెలకు 4,167 కిలోలు ఆడిస్తే చేతి నుంచి పడదు, చేతికి మిగలదు. నెలకు ఇరవై అయిదు పనిదినాలనుకుంటే రోజుకు 167 కిలోలు. అంతకన్నా ఒక్క కిలో ఎక్కువైనా లాభంలోకి వచ్చినట్టే.

చిన్న మాట. లెక్కల పుస్తకంలో అప్పులోని అసలు భాగం ఖర్చు కిందికి రాదు. దాని బదులు యంత్రం తరుగుదల వేస్తారు. ఇక్కడ మనం చూసింది గల్లాపెట్టె లెక్క. ఈ రెంటికీ ఉన్న తేడా తెలియక పుస్తకంలో లాభం కనిపిస్తూనే చేతిలో డబ్బు లేక మూతపడిన మిల్లులు ఉంటాయి. మెఫాలో ఆ తేడా కూడా చెబుతారు.

ఇప్పుడు కాలం సంగతి. మిరప కోతలు సంక్రాంతి తర్వాత ఊపందుకుని వేసవి దాకా సాగుతాయి. జనవరి నుంచి ఏప్రిల్ వరకు నెలకు 8,000 కిలోల చొప్పున వచ్చాయనుకుందాం. అది 32,000 కిలోలు. ఏడాది మొత్తానికి కావలసింది 50,000. మిగతా ఎనిమిది నెలల్లో 18,000 కిలోలు, అంటే నెలకు 2,250 కిలోలు ఎక్కడి నుంచి తేవాలి? పసుపు, ధనియాలు కూడా ఆడించాలా? కాయను కోల్డ్ స్టోరేజీలో పెట్టించి విడతలుగా తీసి ఆడించాలా? అలా అయితే స్టోరేజీ అద్దె ఎవరు భరించాలి? కాయ కొనడానికి పెట్టిన డబ్బుకు వడ్డీ ఎంత? ఇవి వ్యాపార ప్రశ్నలు.

వీటి పక్కనే ఇంజినీరింగ్ ప్రశ్న ఉంది. సరైన సామర్థ్యమున్న మోటారు వేసి, బెల్టు జారకుండా సరిచేసి, కిలోకు ఒక్క రూపాయి కరెంటు ఆదా చేశారనుకోండి. మిగిలేది 13 రూపాయలవుతుంది. బ్రేక్-ఈవెన్ 3,846 కిలోలకు దిగుతుంది. నెలకు 321 కిలోల భారం తగ్గింది. మర వేడెక్కితే కారం రంగు తగ్గుతుంది, ఘాటూ తగ్గుతుంది. రంగు పోయిన కారానికి రెండోసారి ఎవరూ రారు. కాబట్టి వేడి తగ్గించడం యంత్రం సమస్యే కాదు, గిరాకీ సమస్య కూడా. మోటారు తెలిసి లెక్క తెలియనివాడికి ఆ ఒక్క రూపాయి విలువ కనబడదు. లెక్క తెలిసి మోటారు తెలియనివాడికి ఆ రూపాయి ఎక్కడ దాగి ఉందో దొరకదు. రెండు చదువులూ ఒక్క మనిషిలో ఉండాలనడానికి అసలు కారణం ఇదే.

ఇంకో పాఠం కూడా చూడాలి, ఎందుకంటే తర్వాత ఎంబీఏ లెక్కకు అది అవసరమవుతుంది. కోసిన పండుమిరపను కల్లంలో ఎండబెడతారు. మంచు పడినా, అకాల వాన కురిసినా కాయ రంగు మారి తాలు పెరుగుతుంది. తేమ మిగిలితే బూజు పడుతుంది. ఆ బూజు నుంచి అఫ్లటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విష పదార్థం) వస్తే ఎగుమతి సరుకు తిరస్కరణకు గురవుతుంది. అందుకని 3 లక్షలు పెట్టి సోలార్ డ్రయ్యర్ కొంటే ఏడాదికి 80,000 రూపాయల నష్టం తప్పుతుందని అనుకుందాం. మూడు లక్షలను ఎనభై వేలతో భాగిస్తే మూడేళ్ల తొమ్మిది నెలల్లో పెట్టుబడి తిరిగొస్తుందని తేలుతుంది. కానీ ఈ లెక్క అసంపూర్తి. ఐదేళ్ల తర్వాత వచ్చే 80,000, ఈ రోజు చేతిలో ఉన్న 80,000 ఒకటి కావు. మధ్యలో వడ్డీ ఉంది. పది శాతం వడ్డీ వేసి చూస్తే, ఐదేళ్ల ఆదాకు నేటి విలువ సుమారు 3.03 లక్షలు. ఆరేళ్లకైతే 3.48 లక్షలు. దీన్ని నికర వర్తమాన విలువ (రాబోయే డబ్బును నేటి విలువకు తగ్గించి, పెట్టుబడి తీసేస్తే మిగిలేది) అనే పద్ధతిలో తేలుస్తారు. డ్రయ్యర్ ఐదేళ్లు పనిచేస్తే అతికష్టం మీద సరిపోతుంది. ఆరేళ్లు పనిచేస్తే లాభం. నాలుగో ఏట ఫ్యాను కాలిపోయి మూలపడితే నష్టం. డబ్బు లెక్కంతా చివరికి యంత్రం ఆయుష్షు మీద నిలబడింది. ఆ ఆయుష్షు చెప్పగలిగింది ఇంజినీరే.

ఇప్పుడే ఎందుకు

ఈ రెండు చదువులను కలిపే వెసులుబాట్లు గత కొన్నేళ్లలోనే వచ్చాయి. మునుపు బీటెక్ చదువుతూ ఇంకో డిగ్రీ చేయడానికి వీలుండేది కాదు. 2018లో అఖిల భారత సాంకేతిక విద్యా మండలి మాదిరి పాఠ్య ప్రణాళిక ఇచ్చింది. బీటెక్‌ను 160 క్రెడిట్లకు (చదువు బరువును కొలిచే ప్రమాణం) కుదించి, ఇష్టమున్న విద్యార్థి మరో 20 క్రెడిట్లు చదివితే 'మైనర్' (ప్రధాన శాఖ కాక రెండో శాఖలో చిన్న డిగ్రీ) ఇవ్వవచ్చంది. మన రాష్ట్రంలో జేఎన్‌టీయూలు 2020 నియమావళి నుంచి దీన్ని అమలు చేశాయి. ఆ నియమావళి ప్రకారం ఇరవైలో 16 క్రెడిట్లు తరగతిలో నాలుగు సబ్జెక్టులుగా, మిగతా 4 క్రెడిట్లు రెండు ఆన్‌లైన్ కోర్సులుగా పూర్తిచేయాల్సి ఉండేది.

తర్వాత 2022 ఏప్రిల్‌లో యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి అనుమతించింది. అప్పుడు యూజీసీ అధ్యక్షుడు నల్గొండ జిల్లాకు చెందిన తెలుగువాడు, స్వయంగా ఎలక్ట్రానిక్స్ ఆచార్యుడు అయిన మామిడాల జగదీశ్ కుమార్. రెండూ కాలేజీకి వెళ్లి చదివేవైతే తరగతుల వేళలు ఢీకొనకూడదు. లేదా ఒకటి కాలేజీలో, ఒకటి దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో చదవవచ్చు. దూరవిద్య ఇచ్చే సంస్థకు గుర్తింపు ఉండాలి. అయితే చేరే ప్రతి డిగ్రీకీ కావలసిన అర్హత ముందే ఉండాలి. బీటెక్ విద్యార్థి బీకామో బీబీఏనో చేయవచ్చు గాని ఎంబీఏ చేయలేడు. ఎంబీఏలో చేరాలంటే చేతిలో డిగ్రీ పట్టా ఉండాలి కదా.

ఇంకో కారణం ఉద్యోగాల మార్కెట్టు. సాఫ్ట్‌వేర్ సేవల కంపెనీల్లో కొత్తగా చేరేవాళ్ల జీతం చాలా ఏళ్లుగా ఏడాదికి మూడు, నాలుగు లక్షల మధ్యే తిరుగుతోంది. మామూలు కోడ్ రాసే పని ఇప్పుడు యంత్రమే చేస్తోంది. ఏం తయారుచేయాలి, ఎవరికి, ఎంత ధరకు అని తేల్చే పని మాత్రం మనిషి చేతిలోనే ఉంది.

నాలుగు దారులు, వాటి బరువులు

మొదటి దారి మైనర్. బీటెక్‌తో పాటే పూర్తవుతుంది. ఏడాది వృథా కాదు. కాలేజీ మార్చనక్కర్లేదు. కాలేజీ ఏయే శాఖల్లో మైనర్లు నడుపుతోందన్నది మాత్రం ముందే కనుక్కోవాలి. మేనేజ్‌మెంట్ మైనర్ అన్ని చోట్లా ఉండదు. లేకపోయినా దారి మూసుకుపోలేదు. ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటీఎల్‌లో ఆర్థిక, నిర్వహణ శాస్త్రాల పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు కట్టాలి. పల్లె నుంచి చదువుకునే పిల్లలకు నేను మొదట సూచించేది ఈ దారినే.

రెండోది బీటెక్‌తో పాటు దూరవిద్యలో బీకామ్ వంటి డిగ్రీ. ఖర్చు తక్కువ. కష్టం మాత్రం తక్కువ కాదు. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం పరీక్షలు జూన్‌లోను, డిసెంబరులోను ఉంటాయి. డిసెంబరు ప్రాంతంలోనే మన ఇంజినీరింగ్ సెమిస్టర్ పరీక్షలూ వస్తుంటాయి. రెండూ ఒకే వారంలో పడితే ఒకటి వదులుకోవాల్సిందే. బ్యాక్‌లాగులు ఉన్న విద్యార్థి ఈ దారి జోలికి వెళ్లకపోవడం మంచిది.

మూడోది ఐదేళ్ల సమ్మిళిత కోర్సు. గ్వాలియర్‌లోని అటల్ బిహారీ వాజ్‌పేయీ ఐఐఐటీఎంలో బీటెక్, ఎంబీఏ కలిపి ఉన్న కోర్సు ఉంది. ముంబయికి చెందిన ఎన్ఎంఐఎంఎస్ 'ఎంబీఏ టెక్' పేరుతో నడుపుతోంది. జేఎన్‌టీయూ హైదరాబాద్ కూడా ఇలాంటి కోర్సు పెట్టింది. ఒక ఏడాది కలిసి రావడం వీటిలో ఉన్న లాభం. పదిహేడేళ్ల వయసులోనే తన దారి తేల్చుకోవాల్సి రావడం వీటిలో ఉన్న చిక్కు. ఫ్యాక్టరీ గడప తొక్కకముందే ఫ్యాక్టరీ నిర్వహణ పాఠాలు వినాల్సి వస్తుంది. ప్రైవేటు సంస్థల్లో ఫీజు కూడా బాగా ఎక్కువ.

నాలుగోది బీటెక్ తర్వాత రెండేళ్ల ఎంబీఏ. ఇందులో మళ్లీ రెండు రకాలు. ఐసెట్ రాసి దగ్గరి కాలేజీలో వెంటనే చేరడం ఒకటి. కొన్నేళ్లు పనిచేసి, క్యాట్ రాసి ఐఐఎం వంటి చోట చేరడం ఒకటి. ఈ రెంటికీ పట్టా పేరు ఒకటే గాని ఫలితం ఒకటి కాదు. ఇందాకటి డ్రయ్యర్ లెక్కను ఇక్కడ వేసి చూద్దాం. అంకెలు మళ్లీ ఊహించుకున్నవే.

బీటెక్ అయ్యాక ఏడాదికి 4 లక్షల ఉద్యోగం వచ్చిందనుకుందాం. దాన్ని వదిలి రెండేళ్లు ఎంబీఏ చదివితే 8 లక్షల జీతం పోయింది. దీన్ని అవకాశ వ్యయం (ఒకటి ఎంచుకున్నందుకు వదులుకున్న దాని విలువ) అంటారు. ఫీజు, హాస్టలు కలిపి నాలుగు లక్షలు వేసుకుంటే అసలు ఖర్చు 12 లక్షలు. ఎంబీఏ తర్వాత జీతం 4.5 లక్షలే అయితే, అదే మనిషి ఉద్యోగంలో ఉండి రెండేళ్ల అనుభవంతో 5 లక్షలకు చేరి ఉండేవాడు. ఆ 12 లక్షలు ఎప్పటికీ తిరిగి రావు. ఇళ్లలో ఈ లెక్క వేసేటప్పుడు ఫీజు ఒక్కటే చూస్తారు. పోయిన జీతం ఎవరికీ కనబడదు. ఫీజు తక్కువన్న ఒక్క కారణంతో వెంటనే ఎంబీఏలో చేర్పించడం, నా దృష్టిలో, ఈ నాలుగు దారుల్లో అన్నిటికన్నా బలహీనమైనది.

పేరున్న ఐఐఎంలలో రెండేళ్ల ఫీజు 20 లక్షల పైమాటే. పోయిన జీతం కలిపితే 28 లక్షలు దాటుతుంది. భయపెట్టే అంకె. కానీ చదువు తర్వాత జీతం 18 లక్షలు వస్తే, చదవకుంటే వచ్చే 5 లక్షలతో పోలిస్తే ఏటా 13 లక్షలు ఎక్కువ. పన్ను, అప్పు వడ్డీ తీసేసినా నాలుగైదేళ్లలో తేరుకుంటారు. 2024 నవంబరులో కేంద్రం తెచ్చిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద ఎంపికచేసిన మంచి సంస్థల్లో సీటు వస్తే హామీదారు, తాకట్టు లేకుండా బ్యాంకు అప్పు ఇస్తుంది. ఏడాదికి 8 లక్షల లోపు ఆదాయమున్న ఇళ్ల పిల్లలకు 10 లక్షల వరకు అప్పు మీద 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. ఎకరా పొలం తాకట్టు పెట్టకుండా చదివే దారి ఇది.

పేరు తెచ్చుకున్న తెలుగువాళ్ల చదువుల వరస చూసినా, ఉద్యోగంలో చేరాక ఎంబీఏ అన్న పద్ధతే ఎక్కువగా కనబడుతుంది. సత్య నాదెళ్ల మణిపాల్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివాడు. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ చేసి 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరాడు. ఉద్యోగం చేస్తూనే వారాంతాల్లో సియాటిల్ నుంచి షికాగోకు విమానంలో వెళ్లి చదివి 1997లో ఎంబీఏ పూర్తిచేశాడు. ఉస్మానియాలో ఎలక్ట్రానిక్స్ చదివిన శంతను నారాయణ్ ముందు ఉద్యోగంలో చేరి, 1993లో బర్క్‌లీలో ఎంబీఏ తీసుకున్నాడు. డాక్టర్ రెడ్డీస్ నడిపిన జీవీ ప్రసాద్‌ది వేరే వరస. కెమికల్ ఇంజినీరింగ్ అవగానే 1983లో పర్డ్యూలో పారిశ్రామిక నిర్వహణ పీజీ చేశాడు. అయితే ఆయనకు ఆ చదువు వాడుకునే చోటు ముందుంది. పని ముందో చదువు ముందో అన్నదానికన్నా, నేర్చుకున్నది ప్రయోగించే చోటు ఉందా లేదా అన్నదే ముఖ్యం.

చోటు ఇక్కడా ఉంది

ఆ చోటు హైదరాబాద్, బెంగళూరుల్లోనే ఉండాలని లేదు. పల్నాడు జిల్లాలో పిడుగురాళ్ల సున్నం బట్టీలున్నాయి. మాచర్ల, దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. చిలకలూరిపేట చుట్టూ స్పిన్నింగ్ మిల్లులున్నాయి. యడ్లపాడు మండలం వంకాయలపాడులో సుగంధ ద్రవ్యాల బోర్డు స్పైసెస్ పార్కు ఉంది. గుంటూరు మిర్చి యార్డు, దాని చుట్టూ కోల్డ్ స్టోరేజీలు ఎటూ ఉన్నాయి. వీటన్నిటిలోనూ యంత్రం, ఖర్చు రెండూ తెలిసిన మనిషికి పని ఉంది. బట్టీలో టన్ను సున్నానికి బొగ్గు ఎంత పడుతోంది? మిల్లులో పత్తి నిల్వ మీద వడ్డీ ఎంత పోతోంది? ఇవి కాలిక్యులేటర్‌తో పాటు ఫ్యాక్టరీ బూట్లూ కావలసిన ప్రశ్నలు.

సొంతంగా పెట్టుకోవాలనుకునేవాళ్లకు 2020లో వచ్చిన పీఎంఎఫ్ఎంఈ పథకం ఉంది. చిన్న ఆహారశుద్ధి యూనిట్లకు ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల దాకా రాయితీ ఇచ్చే పథకం అది. అప్పుతో ముడిపడిన రాయితీ కాబట్టి బ్యాంకు ఒప్పుకోవాలి. బ్యాంకు ఒప్పుకోవాలంటే డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక) కావాలి. అందులో ఉండేది మనం ఇందాక చూసినవే. యంత్రాల సామర్థ్యం, స్థిర వ్యయం, చర వ్యయం, బ్రేక్-ఈవెన్, అప్పు తీరే కాలం. చాలామంది దాన్ని డబ్బిచ్చి ఎవరిచేతనో రాయించుకుంటారు. అందులో ఏముందో బ్యాంకు మేనేజరు అడిగితే తడుముకుంటారు. మెఫా ఒళ్లు దగ్గర పెట్టుకుని చదివిన బీటెక్ కుర్రాడికి, అమ్మాయికి దాన్ని సొంతంగా రాసే శక్తి ఉంటుంది.

అభ్యాసానికి అవకాశం కూడా చదువులోనే ఉంది. ఏపీ ఇంజినీరింగ్ నియమావళిలో ఎనిమిది వారాల వేసవి ఇంటర్న్‌షిప్‌లు ఉన్నాయి, సమాజ సేవా ప్రాజెక్టుకు చోటుంది. సర్టిఫికెట్ కొనుక్కుని ఆ ఎనిమిది వారాలు ఇంట్లో కూర్చునే బదులు, ఊళ్లో ఒక మర యజమాని దగ్గర కూర్చుని ఏడాది కరెంటు బిల్లులు, కూలి లెక్కలు రాసుకుని, బ్రేక్-ఈవెన్ ఎంతో తేల్చి చూపించవచ్చు. ఆ నివేదిక ఉద్యోగ ఇంటర్వ్యూలో బల్ల మీద పెడితే, అడిగేవాళ్లు మిగతా ప్రశ్నలు దాని మీదే వేస్తారు. ఎంబీఏ సీటు ఇంటర్వ్యూలోనూ అంతే.

బీటెక్ రెండో ఏడాది చదువుతున్న పిల్లలు ఇంట్లో ఉంటే తల్లిదండ్రులు కాలేజీ ఆఫీసులో రెండు సంగతులు అడిగి రావాలని నా మనవి. మైనర్లు ఏయే శాఖల్లో ఉన్నాయి, పేరు నమోదుకు ఎన్ని మార్కులుండాలి, గడువు ఎప్పుడు అన్నది ఒకటి. మెఫా ఏ సెమిస్టర్‌లో ఉంది అన్నది రెండోది. మైనర్‌కు పేరు ఇచ్చేది సాధారణంగా రెండో ఏడాది ముగిసే లోపే. నాలుగో ఏడాదిలో గుర్తొచ్చినా అప్పుడు ఎవరూ చేర్చుకోరు.